మిరపకాయలో మందు ఎక్కడుంది?

పల్నాటి నల్లరేగడిలో పండే ఎండుమిరపకు యార్డులో ధర పలికేది రంగును బట్టి, కారాన్ని బట్టి. రంగు సంగతి కంటితోనే తేలిపోతుంది గానీ, కారం గురించి శాస్త్రం చెప్పే మాట ఆ పంటను తరతరాలుగా పండిస్తున్నవారికి కూడా వింతగానే తోచవచ్చు: కారం ఒక రకమైన నొప్పి. తీపి, పులుపు, ఉప్పు, చేదు నాలుక మీది రుచిమొగ్గల ద్వారా మెదడుకు చేరితే, కారం మాత్రం కాలిన చర్మం కబురునూ తెగిన వేలి కబురునూ మోసుకెళ్లే నరాల వెంటే వెళ్తుంది. అందుకే కారం నోటికి తగిలినట్టే కంటికీ, చేతికీ కూడా తగులుతుంది. పంచదార కంట్లో పడితే నలక పడ్డట్టు ఉంటుందే తప్ప తియ్యగా ఉండదు. షడ్రుచుల్లో కారానికి చోటిచ్చిన పెద్దలను తప్పుపట్టవలసిన పని లేదు, వారు భోజనం గురించి చెప్పారు, నరాల గురించి కాదు. అయితే కారం నొప్పి నరాలతో నేరుగా మాట్లాడుతుందన్న ఈ ఒక్క సంగతిని పట్టుకునే, గడచిన మూడు దశాబ్దాల్లో నొప్పి మందుల అన్వేషణలో ఒక పెద్ద భాగం నడిచింది.

ఆ అన్వేషణ చేసే శాస్త్రాన్ని ఔషధ రసాయనశాస్త్రం అంటారు. ఒక పదార్థపు అణువులో ఎక్కడ ఏ పరమాణువు ఉంది, దాన్ని తీసేసి మరొకటి పెడితే శరీరంలో దాని నడవడి ఎలా మారుతుంది అన్నది దాని ప్రధాన వ్యాపకం. మందుల షాపులో దొరికే మాత్రల్లో అత్యధిక భాగం ఈ శాస్త్రవేత్తలు చిన్న అణువులు అని పిలిచే కోవకు చెందినవే. హైడ్రోజన్ పరమాణువు బరువును సుమారుగా ఒకటి అనుకుంటే పారాసెటమాల్ అణువు బరువు 151, ఆస్పిరిన్ బరువు 180. ఇన్సులిన్ బరువు మాత్రం దాదాపు 5,800. ఇన్సులిన్‌ను సూదితో ఎక్కించవలసి రావడానికీ, పారాసెటమాల్ నీళ్లతో మింగితే సరిపోవడానికీ ఈ తేడా ఒక ముఖ్య కారణం, ఎందుకంటే చిన్న అణువు జీర్ణాశయంలో చిన్నాభిన్నం కాకుండా పేగు గోడను దాటి రక్తంలో కలవగలదు. నోటి ద్వారా వేసుకునే మందు బరువు 500 దాటకుండా ఉంటే మంచిదని, అది నూనెలోనూ నీటిలోనూ మితంగా కరగాలని క్రిస్టఫర్ లిపిన్‌స్కీ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1997లో ఒక లెక్క చెప్పాడు, ఇప్పటికీ ప్రయోగశాలల్లో దాన్ని తరచూ తలుచుకుంటారు. మిరపకాయకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్ బరువు 305. అందులో 18 కార్బన్, 27 హైడ్రోజన్, మూడు ఆక్సిజన్, ఒక నైట్రోజన్, వెరసి 49 పరమాణువులున్నాయి.

ఆ అణువు కాయలో ఎక్కడుంటుందో చూడాలంటే పండుమిరపకాయను నిలువుగా చీల్చితే చాలు. ఎర్రని కండకు లోపల, తొడిమ దగ్గర నుంచి కిందికి దిగుతూ, గింజలు అతుక్కుని ఉండే మెత్తని తెల్లని ఈనెలాంటి భాగం ఒకటి కనిపిస్తుంది. క్యాప్సైసిన్ తయారయ్యేది అక్కడే. గింజలే కారమని వంటింట్లో గట్టి నమ్మకం ఉన్నప్పటికీ గింజకు సొంత కారం లేదు, ఆ తెల్లని భాగాన్ని అంటిపెట్టుకుని ఉండడం వల్ల దానికి పూతలా అంటిన కారమే అది. గుంటూరు సన్నం రకంలో క్యాప్సైసిన్ ఎండుకాయ బరువులో 0.2 శాతానికి కాస్త ఎక్కువ, అంటే క్వింటాలు కాయకు పావు కిలో కూడా ఉండదు. తేజ రకంలో ఇంతకు మించి ఉంటుంది కనుకనే కారపు సారం తీసే కర్మాగారాలవారు దాన్ని ఎక్కువగా కోరుకుంటారు. క్యాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. కల్లంలో తాలుకాయలు ఏరి, తొడిమలు తుంచే కూలీల చేతులు ఎన్ని నీళ్లు పోసి కడిగినా మంట తగ్గకపోవడానికీ, కొబ్బరినూనె రాసుకుంటే కొంత నెమ్మదించడానికీ ఇదే కారణం. నోరు మండినప్పుడు మజ్జిగ ఆదుకోవడం కూడా ఈ కోవలోదే, పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు కారపు అణువులను పట్టుకుని తుడిచేస్తుంది.

పల్నాటి పౌరుషానికి ఇక్కడి కారమే కారణమన్న మాట సరదాకు చెల్లుతుంది గానీ చరిత్రకు నిలవదు. మిరప అమెరికా ఖండాల మొక్క, పోర్చుగీసువారి ఓడల్లో పదహారో శతాబ్దంలో ఈ దేశానికి వచ్చింది. పన్నెండో శతాబ్దంలో కారంపూడి దగ్గర పోరాడిన పల్నాటి వీరులకు తెలిసిన ఘాటు మిరియాలదే అయి ఉండాలి. క్యాప్సైసిన్‌ను రసాయనశాస్త్రం పట్టుకోవడం ఇంకా ఆలస్యంగా జరిగింది. 1816లో బుఖోల్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త మిరపకాయల నుంచి ముడి రూపంలో ఘాటు పదార్థాన్ని తీశాడు, 1876లో థ్రెష్ అనే ఆంగ్లేయుడు దాన్ని దాదాపు శుద్ధరూపంలో వేరుచేసి క్యాప్సైసిన్ అని పేరు పెట్టాడు, 1919లో నెల్సన్ దాని నిర్మాణాన్ని చాలావరకు తేల్చాడు, 1930లో ష్పేట్, డార్లింగ్ అనే ఇద్దరు మిరపకాయ అవసరమే లేకుండా ప్రయోగశాలలో దాన్ని తయారు చేశారు. కాయ నుంచి శుద్ధమైన అణువుకూ, అణువు నుంచి దాని నిర్మాణానికీ, నిర్మాణం నుంచి కృత్రిమ తయారీకీ సాగిన ఈ వరుసలోనే పాతకాలపు మందుల్లో చాలావాటి కథ నడిచింది.

నిర్మాణం తెలిసిన తరువాత అసలు పని మొదలవుతుంది. క్యాప్సైసిన్ అణువును తల, మెడ, తోక అని మూడు భాగాలుగా ఊహించుకోవచ్చు. తల ఆరు కార్బన్ల వలయం, వెనీలా సువాసననిచ్చే అణువుకు ఇది దగ్గరి చుట్టం. తోక నూనెలాంటి పొడవాటి కార్బన్ గొలుసు. ఈ రెండింటినీ కలిపే మెడ నైట్రోజన్ ఉన్న ఒక ముడి, దాన్ని అమైడ్ బంధం అంటారు. తలమీద ఉన్న ఒక హైడ్రాక్సిల్ జతను, అంటే ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన ముక్కను మూసేస్తే అణువు శక్తి బాగా తగ్గిపోతుంది. తోకను మరీ కురచ చేసినా, మరీ పొడుగు చేసినా ఘాటు పడిపోతుంది. మెడ విషయం అన్నింటికంటే ఆశ్చర్యకరమైనది. జపాన్‌లో గుర్తించిన ఒక తీపి మిరప రకంలో క్యాప్సియేట్ అనే అణువు ఉంది. అందులో తలా తోకా క్యాప్సైసిన్‌వే, మెడలో మాత్రం నైట్రోజన్‌కు బదులు ఆక్సిజన్ ఉంటుంది. ఒకదాని బరువు 305, మరొకదాని బరువు 306. అయినా క్యాప్సియేట్ ఘాటు క్యాప్సైసిన్ ఘాటులో వెయ్యో వంతు మాత్రమే. ఆ మెడ సులువుగా విరిగిపోతుంది, నీళ్లంటే మరింత దూరం జరుగుతుంది కనుక అణువు నోటిలోని నరపు కొసల దాకా చేరలేదు. ఇలా ఒక్కొక్క ముక్కను మారుస్తూ ఫలితాన్ని పట్టికగా రాసుకోవడాన్ని నిర్మాణానికీ చర్యకూ మధ్య సంబంధాన్ని కట్టడం అంటారు, ఔషధ రసాయనశాస్త్రజ్ఞుడి జీవితంలో సింహభాగం ఈ పట్టికల్లోనే గడిచిపోతుంది.

ఒక్క పరమాణువు మార్పు ఎంత పని చేయగలదో చూపిన వారిలో తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు పేరు తప్పక చెప్పుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టి అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు సారథ్యం వహించిన ఆయన బృందం, కణాలు విభజన చెందడానికి అవసరమైన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. తరువాత దానిలో ఒక చోట ఆక్సిజన్ ముక్కను తీసి నైట్రోజన్ ముక్కను అమర్చడంతో అమైనోప్టెరిన్ పుట్టింది. ఆకారంలో ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండే ఈ అణువును కణంలోని ఎంజైము అసలుదే అనుకుని పట్టుకుంటుంది, పట్టుకున్నాక వదల్లేదు, దాంతో విభజన నిలిచిపోతుంది. 1948లో సిడ్నీ ఫార్బర్ బాస్టన్‌లో దీన్ని లుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చి, ఆ వ్యాధి తాత్కాలికంగానైనా మందుకు లొంగుతుందని తొలిసారి చూపించాడు. దానికి మరో చిన్న కార్బన్ ముక్క తగిలించగా వచ్చిన మెథోట్రెక్సేట్‌ను నేడు కీళ్లవాతానికి కూడా వాడుతున్నారు.

సుబ్బారావు బృందానికి తమ అణువు ఏ పోషకాన్ని పోలి ఉందో ముందే తెలుసు. క్యాప్సైసిన్ పరిశోధకులకు ఆ వెసులుబాటు లేదు. చేతిలో తాళంచెవి ఉంది, తాళం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఔషధశాస్త్రంలో ఈ తాళాన్ని గ్రాహకం అంటారు, కణం మీద ఉండి ఒక నిర్దిష్టమైన అణువు తగిలినప్పుడు స్పందించే మాంసకృత్తు అది. 1997లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్ ప్రయోగశాల దాన్ని పట్టుకుంది. నొప్పి నరాల్లో పనిచేసే వేలాది జన్యువుల ముక్కలను, కారానికి ఏమాత్రం స్పందించని మామూలు కణాల్లోకి గుంపులు గుంపులుగా ప్రవేశపెట్టి, వాటి మీద క్యాప్సైసిన్ పోసి, ఏ గుంపులోని కణాల్లోకి కాల్షియం చొరబడుతుందో చూస్తూ, గుంపులను చీల్చుకుంటూ పోయి చివరికి ఒకే ఒక జన్యువు దగ్గర ఆగారు. అది తయారు చేసే మాంసకృత్తు కణం పొరలో ఒక ద్వారంలా ఉంటుంది. దాని పేరు టీఆర్‌పీవీ1. క్యాప్సైసిన్ తగిలితే ఆ ద్వారం తెరుచుకుని కాల్షియం, సోడియం అయాన్లు లోపలికి వస్తాయి, నరం నొప్పి కబురు పంపుతుంది. అంతటితో అయిపోతే అది మంచి ఆవిష్కరణగా మిగిలేది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి కూడా అదే ద్వారం తెరుచుకుంటుందని తేలడంతో అది గొప్ప ఆవిష్కరణ అయింది. 2021లో జూలియస్‌కు, స్పర్శ గ్రాహకాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. నిప్పు తగిలినా మంటే, మిరపకాయ కొరికినా మంటే, పుండు మీద నిమ్మరసం పడినా మంటే అని తెలుగు భాష ఏనాడో ఒకే మాటతో సరిపెట్టుకుంది. ఆమ్లం కూడా ఈ ద్వారాన్నే తెరుస్తుందని తెలిసినప్పుడు ఆ పొదుపు ఎంత సరైనదో అర్థమవుతుంది.

చేల మీద వాలే రామచిలుకలు పండుమిరపకాయలను నిశ్చింతగా తినడానికి జవాబు కూడా ఇక్కడే దొరికింది. పక్షుల్లోనూ ఈ గ్రాహకం ఉంది, వేడికి స్పందిస్తుంది కూడా, కానీ దాని నిర్మాణంలోని కొద్దిపాటి తేడాల వల్ల క్యాప్సైసిన్‌ను లెక్కచేయదు. గింజను నమిలి పాడుచేసే జంతువులను తరిమి, మింగి దూరంగా విసర్జించే పిట్టలను రానివ్వడం మొక్కకు లాభం. ఈ లెక్కలో మనిషి ఒక్కడే, తరిమినా వెనక్కి వచ్చే జంతువు.

తాళం దొరికిన వెంటనే పెద్ద మందుల కంపెనీలన్నీ దానికి అడ్డుపుల్ల వేసే పనిలో పడ్డాయి. ద్వారాన్ని తెరవకుండా మూసి ఉంచే అణువును నిరోధకం అంటారు. కీళ్ల అరుగుదలలో, వాపులో, కేన్సర్ నొప్పిలో ఈ ద్వారం అతిగా తెరుచుకుంటోందని అప్పటికే తెలుసు కనుక, దాన్ని మూసే మాత్ర తయారైతే నల్లమందు జాతి మందుల్లా అలవాటుకు బానిసను చేయకుండా నొప్పిని తగ్గించవచ్చునన్న ఆశ సహేతుకమైనదే. క్యాప్సైసిన్ తలనూ తోకనూ మార్చుతూ, మెడను బిగిస్తూ రకరకాల అణువులు తయారయ్యాయి, జంతువుల్లో బాగానే పనిచేశాయి. మనుషుల దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడింది. ఆమ్జెన్ కంపెనీ తయారుచేసిన ఏఎంజీ 517 అనే నిరోధకం తీసుకున్నవారిలో జ్వరం వచ్చినట్టు ఒంటి వేడి పెరిగింది, పన్ను పీకించుకున్న తరువాత వేసుకున్నవారిలో ఒకరికి అది 40 డిగ్రీలు దాటింది. 2008లో ఆ వివరాలు ప్రచురితమయ్యాయి. మరికొన్ని నిరోధకాలు వాడినవారికి వేడి తెలియకుండా పోయింది, కాలిపోయే నీళ్లు కూడా గోరువెచ్చగా తోచితే స్నానాల గదిలో ఏం జరుగుతుందో ఊహించవచ్చు. మందు గురి తప్పి వేరే గ్రాహకాన్ని తాకడం వల్ల వచ్చే దుష్ఫలితమైతే అణువును చెక్కి సరిచేసే వీలుంటుంది. ఇక్కడ మందు సరిగ్గా కొట్టవలసిన చోటే కొట్టింది. ఒంటి వేడిని అదుపులో ఉంచే పనిలో ఈ ద్వారానికి ఉన్న పాత్ర ఎంతటిదో మాత్రం ఎవరూ ముందుగా అంచనా వేయలేదు.

ఇటువంటి దెబ్బ తెలుగునేలకూ తగిలింది. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టి, గుంటూరు ఏసీ కాలేజీలో చదివిన కల్లం అంజిరెడ్డి, ఇతరులు కనిపెట్టిన మందులను చవగ్గా తయారుచేయడంలో ఆరితేరిన తరువాత, సొంత అణువును కనిపెట్టాలన్న పట్టుదలతో 1993లో హైదరాబాద్‌లో పరిశోధన సంస్థను నెలకొల్పారు. మధుమేహానికి పనికివచ్చే బాలగ్లిటజోన్ అనే అణువును 1997లో డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్ తీసుకుంది. భారతీయ కంపెనీ సొంతంగా కనిపెట్టిన అణువు మీద విదేశీ కంపెనీ హక్కులు కొనుక్కోవడం అదే మొదలు. మరుసటి సంవత్సరం అదే కంపెనీకి వెళ్లిన రాగాగ్లిటజార్ చక్కెరనూ కొవ్వునూ ఒకేసారి అదుపు చేస్తుందని ఆశపడ్డారు, అది మనుషుల మీద చివరి దశ పరీక్షల దాకా చేరింది. 2002లో, దీర్ఘకాలం ఆ మందు తిన్న ఎలుకల మూత్రాశయంలో కణితులు కనిపించడంతో పరీక్షలు ఆపేశారు. బాలగ్లిటజోన్ కూడా మందుల షాపు దాకా రాలేదు. ఉన్న మందును చవగ్గా చేయడానికీ, లేని మందును పుట్టించడానికీ మధ్య ఉన్న దూరాన్ని హైదరాబాద్ తన ఖర్చుతో కొలిచి చూసుకుంది, అది చిన్న విషయం కాదు.

మిరపకాయ కథలో మాత్రం వెనకదారి ఒకటి మిగిలి ఉంది. 1940ల్లోనే హంగరీకి చెందిన మిక్లోష్ యాంచో ఒక విచిత్రాన్ని గమనించాడు: క్యాప్సైసిన్‌ను పదేపదే పూసిన చోట మొదట విపరీతంగా మండి, తరువాత ఆ చోటు కారానికే కాక ఇతర ఘాటు పదార్థాలకు కూడా స్పందించడం మానేస్తుంది. ద్వారం అదేపనిగా తెరుచుకుని ఉంటే కాల్షియం వరదలా వచ్చి నరపు కొస పనిచేయడం ఆగిపోతుంది, మోతాదు ఎక్కువైతే చర్మంలోని ఆ కొసలు కొంతకాలం వెనక్కి ముడుచుకుపోతాయి, కొన్ని వారాలకు మళ్లీ పెరుగుతాయి. చిన్నప్పటి నుంచి గొడ్డుకారం కలుపుకుని తిన్న నాలుక కొత్తవారి నాలుకకంటే తట్టుకోవడంలో దీని వాటా కొంత ఉంది. అందరూ ద్వారాన్ని మూయబోయి దెబ్బతింటే, దాన్ని బార్లా తెరిచి అలసిపోయేట్టు చేయడమే మందుగా నిలిచింది. ఎనిమిది శాతం క్యాప్సైసిన్ ఉన్న క్యూటెంజా అనే పట్టీని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009 నవంబరులో, అక్కి తగ్గిన తరువాత కూడా వదలకుండా బాధించే నరాల నొప్పికి ఆమోదించింది. 2020లో మధుమేహుల పాదాల్లోని నరాల నొప్పికి కూడా అనుమతి లభించింది. ఆ పట్టీలోని ఎనిమిది శాతం గుంటూరు సన్నంలోని కారానికి సుమారు 35 రెట్లు. గంటసేపు, పాదాలకైతే అరగంట, ఆసుపత్రిలోనే అంటించి తీసేస్తారు. పనిచేస్తే ఆ ఉపశమనం మూడు నెలల వరకు ఉంటుంది.

మాత్ర కోసం వెతుకులాట వేరే దారుల్లో సాగింది. 2013లో, గడ్డకట్టించిన మాంసకృత్తులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో లక్షల బొమ్మలు తీసి కంప్యూటర్లో కలిపే పద్ధతితో, యీఫాన్ చెంగ్, జూలియస్‌ల బృందాలు ఈ ద్వారం రూపాన్ని దాదాపు పరమాణువుల స్థాయిలో చూపించాయి. స్ఫటికాలుగా మారని మాంసకృత్తులను కూడా ఇలా చూడవచ్చని తేలడంతో మందుల అన్వేషణలో గుడ్డిగా తడుముకునే భాగం కొంత తగ్గింది. మంట మొదలయ్యే ద్వారాన్ని ముట్టుకుంటే ఒంటి వేడి చెదురుతుంది కనుక, ఆ మంట కబురును వెన్నుపాము వైపు మోసుకెళ్లే దశలో ఆపడం మేలన్న ఆలోచన మరొకరిది. ఆ పని చేసే సోడియం ద్వారాలు శరీరంలో తొమ్మిది రకాలు, వాటిలో కొన్ని గుండెకూ మెదడుకూ అత్యవసరం; నొప్పి నరాల్లో ప్రధానంగా ఉండే ఎనిమిదో రకాన్ని మాత్రమే మూసి, తక్కినవాటి జోలికి పోని అణువు కావాలి. వర్టెక్స్ కంపెనీ తయారుచేసిన సుజెట్రిజిన్ అటువంటిదే. శస్త్రచికిత్స వంటివాటి తరువాత వచ్చే తాత్కాలికమైన నొప్పికి దాన్ని 2025 జనవరి 30న అమెరికాలో ఆమోదించారు. మెదడు మీద పనిచేయదు కనుక వ్యసనం అంటించే గుణం దానిలో కనిపించలేదు. దీర్ఘకాలపు నొప్పికి ఇంకా అనుమతి లేదు.

పల్నాడు జిల్లా ఎడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ బోర్డు నెలకొల్పిన పార్కును చూసి, ఇక్కడి మిరపే ఆ పట్టీల్లోకి వెళ్తుందేమో అనుకోవడం సహజం. వెళ్లదు. కాయ నుంచి తీసిన సారంలో క్యాప్సైసిన్‌తో పాటు, రెండు హైడ్రోజన్లు ఎక్కువున్న డైహైడ్రోక్యాప్సైసిన్, మరికొన్ని సోదర అణువులు కలిసి ఉంటాయి. పంట మారితే, నీటితడి మారితే వాటి పాళ్లూ మారతాయి. ప్రతి పట్టీలోనూ ఒకే అణువు, ఒకే మోతాదు ఉండాలి కనుక క్యూటెంజాలోని క్యాప్సైసిన్‌ను ప్రయోగశాలలో తయారు చేసిందే వాడతారు. దాన్ని అంటించే ముందు రోగి చర్మం మీద మత్తుమందు పూయవచ్చు, రక్తపోటు చూస్తూ ఉంటారు, తీసేశాక ప్రత్యేకమైన జెల్‌తో తుడుస్తారు. సిబ్బంది మామూలు రబ్బరు తొడుగులు వేసుకోకూడదు, క్యాప్సైసిన్ వాటిగుండా చొచ్చుకుపోతుంది. నైట్రైల్ తొడుగులు తప్పనిసరి. మాచర్ల, గురజాల వైపు కల్లాల్లో తొడిమలు తీసే చేతులకు ఉన్నది సీసాలో కొబ్బరినూనె.